గంట బావ తలెత్తిన రోజు

మొదటి ఫైటా? నేను చూసిన మొదటి ఫైటు గురించా? ఓసి పిచ్చిదానా, అదడగడానికా ఇంత ఎండలో పడి వచ్చావు, నేనింకా అమ్మమ్మ మీద బెంగ పెట్టుకుని వచ్చావేమో అనుకుని మురిసిపోయాను. సరేలే, కూర్చో. ఆ కుర్చీలో కాదు, దానికో కాలు పొట్టి, తొందరగా లేచి వెళ్ళిపోవాల్సినవాళ్ళ కోసం ఉంచాను. ఇలా మంచం మీదకి రా. ఆ ఫోను దిండు మీద పెట్టు, మూతి దగ్గర పెట్టకు, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచినట్టుంటుంది నాకు. మీ బాక్సింగు క్లబ్బు కోసం పాతవాళ్ళందరి దగ్గరా కబుర్లు పోగేస్తున్నావన్నమాట. లాండ్రీ తాత దగ్గరికి వెళ్ళొచ్చావా? ఏం చెప్పాడు? ఆఁ, చెప్తాడు చెప్తాడు. ఒక్క రౌండు అరగంట సాగిందన్నాడా? పోయినసారి కలిసినప్పుడు పావుగంటే అన్నాడు. ఇంకో రెండేళ్ళు గట్టిగా ఉన్నాడంటే అది తెల్లారేదాకా సాగుతుంది. అయినా అది వాడి మొదటి ఫైటు కాదే అమ్మడూ. మొదటి ఫైటులో వాడు హాయిగా నిద్రపోయాడు, జనం ఓ అని అరిస్తే లేచి, నడుస్తున్నది సినిమా అనుకుని చప్పట్లు కొట్టాడు. కానీ ఆ పొడుగు రౌండు మాత్రం నిజం. అరగంటా కాదు, పావుగంటా కాదు, ఉండాల్సినదానికంటే పొడుగు, అంతే. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళెవరిని కదిపినా అదే చెప్తారు. గంట ఎందుకు మోగలేదో అడుగు, ఒక్కడూ చెప్పలేడు. నేను చెప్తాను. అయితే మా బావ దగ్గర్నుంచి మొదలెట్టాలి. మా అక్క మొగుడు. పెళ్ళి ఫొటో చూశావుగా, కెమెరా వైపు చూడకుండా చేతివాచీ చూసుకుంటూ ఒకాయన నిలబడి ఉంటాడు, పెళ్ళికూతురి పక్కన? ఆయనే. గంట బావ.

బావది వాచీలు బాగుచేసే కొట్టు. కొట్టంటే కొట్టేం కాదు, అలమారకి తలుపు తీసి లోపల ఒక మనిషిని కూర్చోబెట్టినట్టుండేది. చుట్టూ గోడలకి గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ. మధ్యలో బావ, కంట్లో భూతద్దం ఇరికించుకుని, తల వంచుకుని. ఆ తల ఎత్తగా ఎవరూ చూడలేదనుకో. ఎవరైనా వచ్చి నిలబడితే మొహం చూసేవాడు కాదు, మణికట్టు చూసేవాడు. వీధిలో ఎదురైనా అంతే. "ఓహో, నల్లపట్టా తేదీ వాచీ! బాగున్నారా?" అనేవాడు. వాచీ మార్చుకున్నావా, నువ్వు ఆయనకి కొత్తమనిషివే. ఇంటికొస్తే అక్క ఉండేది. అక్క కుట్టుపని చేసేది, ముందుగదిలో మిషను, గుడ్డల కుప్పలు, కింద దారపుముక్కలు. దానికో అలవాటు, చేతిలో గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క ఉందన్న సంగతి మర్చిపోయి ఆ చేత్తోనే బుగ్గ గోక్కునేది. ఒక రోజు నీలం గీత, ఒక రోజు గులాబీ గీత. పదిమందిలోకి అలాగే వచ్చేసేది. "అక్కా, బుగ్గ" అంటే మోచేత్తో తుడుచుకుని ఇంకా పులుముకునేది. బావకి ఆ గీత ఎప్పుడూ కనబడలేదు. కనబడాలంటే తలెత్తాలిగా.

ఇక ఆదివారం మధ్యాహ్నాలు పాత మంచు ఫ్యాక్టరీలో బాక్సింగు. ఫ్యాక్టరీ మూతబడి ఎన్నాళ్ళయినా ఆ గోడల్లోంచి చల్లదనం పోలేదే తల్లీ. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల అడుగుపెట్టగానే ఒళ్ళు ఝల్లుమనేది. పైన అద్దాల కప్పులోంచి వెలుతురు జారి కిందపడేది, పాలు ఒలికినట్టు. ఆ వెలుగులో రింగు, రింగు పక్కన చిన్న బల్ల, బల్ల మీద ఇత్తడి గంట, చెక్క సుత్తి, దాని ముందు స్టాప్ వాచీ పట్టుకుని మా బావ. గంట బావ ఎందుకయ్యాడో అర్థమైందా? అంతకుముందు ఆ గంట కొట్టింది ఆయనకి వాచీల పని నేర్పిన గురువుగారు. ముసలాయన చేతులు వణకడం మొదలయ్యాక సుత్తి బావ చేతిలో పెట్టి ఒకటే చెప్పాడట. ఇదిగో, ఇలా ముక్కుతో మాట్లాడేవాడట ఆయన: "ఒరేయ్, నువ్వు ఫైటు చూడ్డం మొదలెట్టావంటే గంట ఆలస్యమవుతుంది. ఒక్క ఊపిరంత ఆలస్యం చాలు. ఆ ఊపిరిలో పడిన దెబ్బ కొట్టినవాడిది కాదు రా, నీది." అంతే. బావ ఆ మాట పట్టుకున్నాడు. ఉడుంపట్టు. అందరికంటే ముందు వరసలో కూర్చుని, చెమట చుక్కలు వచ్చి తన చొక్కా మీద పడుతున్నా, ఏళ్ళ తరబడి ఒక్కసారంటే ఒక్కసారి తలెత్తలేదు. అర్థమైందా పిల్లా? ఊళ్ళో జరిగిన ప్రతి ఫైటుకీ ఉన్నాడు. ఒక్క ఫైటూ చూడలేదు.

ఇది ఎవరికైనా తెలుసా అంటావా? అదే కదా తమాషా. బావ కొట్టు ముందు ఒక బల్ల ఉండేది. సాయంత్రమయ్యేసరికి బాక్సింగు పిచ్చోళ్ళందరూ అక్కడ చేరేవాళ్ళు. ఆ బల్ల మీద ఎవరు కొత్తగా కూర్చోవాలన్నా ముందు నిలబడి తను చూసిన మొదటి ఫైటు చెప్పాలి. బాగా చెప్తే జరిగి చోటిచ్చేవాళ్ళు. చెప్పలేకపోతే నిలబడాల్సిందే. రొట్టెలాయన అని ఉండేవాడు, బేకరీ నడిపేవాడు, కనుబొమ్మల మీద ఎప్పుడూ పిండి. ఆయన చెప్పేవాడు, వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని చూశాడట, ఓడిపోయినవాడు మూలకొచ్చి బక్కెట్లోకి తల వంచి ఎవరికీ కనబడకుండా ఏడ్చాడట, భుజాల ఎత్తునుంచి ఈయన ఒక్కడికే కనబడిందట. "అప్పట్నుంచి గెలిచినవాడి మొహం చూడబుద్ధి కాదమ్మా" అనేవాడు, చెప్పిన ప్రతిసారీ ముక్కు చీదుకునేవాడు. ఒకసారి ఎవరో పొరుగూరివాడు వచ్చి బావని అడిగాడు, మీ మొదటి ఫైటు చెప్పండీ అని. రొట్టెలాయన ఇంకా రాలేదు. మా బావ ఏం చేశాడో తెలుసా? గొంతు సవరించుకుని, ఆ భుజాలూ ఆ బక్కెటూ ఆ ఏడుపూ అన్నీ దింపేశాడు, తన నోటితో. సగంలో వెనకాల నిలబడి విన్నాడు రొట్టెలాయన. విని, కళ్ళు తుడుచుకుని, "గంటన్నా! ఆ రోజు నువ్వు కూడా ఉన్నావా!" అని వాటేసుకున్నాడు. పిండి అంతా బావ చొక్కాకి.

నేనప్పుడు చదువై ఉద్యోగం వెతుక్కుంటూ అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. పనీ పాటా లేనివాళ్ళకి బుర్రలో ఏముంటుంది, కొంటెతనం తప్ప. నాకెందుకో అనుమానమొచ్చింది. ఒక సోమవారం పొద్దున బావ మొహం కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని నిలబడి అడిగాను, "బావా, నిన్న గెలిచినవాడి నిక్కరు ఏ రంగు?" అని. బావ ఆగాడు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "ఎర్రది" అన్నాడు. "ఓడినవాడిది?" "అదీ... ఎర్రదే." "ఇద్దరిదీ ఎర్రదైతే గుర్తుపట్టేదెలా బావా?" తువ్వాలు లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తువ్వాలు ఎంతకీ దించలేదు. వంటింట్లోంచి అక్క అంది, "దాన్ని పట్టించుకోకండి, మీ నిక్కరు రంగు కూడా మీకు తెలీదని దానికేం తెలుసు." అక్కకి ముందే తెలుసన్నమాట! ఆ తర్వాత రోజూ నాకదే ఆట. "బావా, రెఫరీకి మీసం ఉందా?" "బావా, తాళ్ళు ఎన్ని?" పాపం, అన్నీ చెవులతో చూసిన మనిషి. కాలు ఈడ్చే చప్పుడు వింటే అలిసింది ఎవరో తెలిసేదట, గ్లవ్సు పొట్ట మీద పడితే ఒక చప్పుడు, దవడ మీద పడితే ఒకటి. "మరదలా, నాకు అవన్నీ వాన చప్పుడులా గుర్తు" అన్నాడొకసారి. "ఏ వాన ఎవరిదో తెలియదు, అంతే." ఆ మాట విన్నాక నేను వేళాకోళం కాస్త తగ్గించాను. మానలేదులే, తగ్గించాను.

మంచినీళ్ళు అందుకో. ఆఁ. ఎక్కడున్నాం? కళ్ళు. బావకి కళ్ళు పోవడం మొదలైంది. పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనబడక రెండుసార్లు పడ్డాడు. డాక్టరు చూసి, కంటి నరం ఎండిపోతోంది, చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తోంది, చివరికి మధ్యలో చిన్న కిటికీలా మిగులుతుంది, తర్వాత అదీ ఉండదు అన్నాడు. మందు లేదా అంటే లేదన్నాడు. బావ ఏమడిగాడో తెలుసా? "ఆ కిటికీ ఎంతుంటుందండీ, వాచీ అంతా?" అని. డాక్టరు నవ్వాడట, అవునన్నాడట. ఇంటికొచ్చి ఆ రోజు భూతద్దం పెట్టుకోలేదు. మిషను పక్కన నేల మీద కూర్చుని, దారపుముక్కలు ఏరుతూ అన్నాడు, "ఏమేవ్, నేనొక్క ఫైటు చూడాలే." అంతే అన్నాడు. అక్క మిషను ఆపింది. మా అక్కకి బాక్సింగంటే గిట్టదు. "మనుషులు కొట్టుకుంటుంటే విడదీయకుండా గంట కొట్టి మరీ ఎగదోస్తారా" అనేది. ఆ మాటా అనలేదు ఆ రోజు. చూడండి, వెళ్ళి జనంలో కూర్చుని చూడండి, ఎవరొద్దన్నారు అంది. మరి గంట? గంట ఎవరికిస్తాడు? రొట్టెలాయనకిస్తే ఏడుస్తూ కూర్చుంటాడు, లాండ్రీ అన్నయ్యకిస్తే, అదే మీ లాండ్రీ తాత, వాడు నిద్రపోతాడు. బాక్సింగంటే ఇష్టమున్న వాడెవడైనా సరే తలెత్తి తీరతాడు. గురువుగారి మాట ఉందే, ఆలస్యమైతే ఆ దెబ్బ నీది అని. అప్పుడు నేనే అన్నానే తల్లీ, తమాషాకే అన్నాను, "బాక్సింగంటే మొహం తిప్పుకునేవాళ్ళు కావాలంటే ఇంట్లోనే ఉందిగా బావా" అని. ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

ఇక చూడు, ఆ వారం మా ఇంట్లో నవ్వలేక చచ్చాను. టైము చూడ్డం అక్కది, గంట కొట్టడం బావది అనుకున్నాం. అక్క చేతిలో స్టాప్ వాచీ. నేనూ బావా చెరో దిండూ పట్టుకుని గదంతా తిరుగుతూ కొట్టుకోవాలి. టైము అవగానే అక్క "ఊఁ" అనాలి, బావ ఇత్తడి చెంబు మీద గరిటెతో టంగుమనిపించాలి. నేను దిండు పిగిలిపోయేలా బాదాను, ఇన్నాళ్ళూ బావ మొహానికి అడ్డం పెట్టుకున్న తువ్వాళ్ళన్నిటికీ కలిపి. అక్క తలెత్తితే ఒట్టు! దూది ఎగిరి జుట్టులో పడినా తలెత్తలేదు. కొలత కొలిచే చేతులు కదా, ప్రతిసారీ ముల్లు అక్కడికి రావడం, ఇది "ఊఁ" అనడం. బావ మురిసిపోయాడు. "దీన్ని మించిన మనిషి దొరకదు మరదలా!" అన్నాడు. హాలు మేనేజరు ఒక్కడే అడ్డం పడ్డాడు. లావుపాటి మనిషి, మెట్టు ఎక్కితే మాట ఆగేది: "ఆడ... ఆడమనిషి... రింగు పక్కనా?" "అయితే టైము మీరు చూడండి" అన్నాడు బావ. "వద్దులే... వద్దులే, కానీ" అన్నాడు మేనేజరు. అక్క ఒంటరిగా మగాళ్ళ మధ్య కూర్చోనంది. అలా నేను వెళ్ళాను. బల్ల వెనక, మంచు దిమ్మలు మోసే చెక్కపెట్టె బోర్లించి కూర్చోబెట్టారు నన్ను. అదే అమ్మడూ, నా మొదటి ఫైటు.

ఒక పక్క కొలిమి. ఇనప పనిచేసేవాడు, వయసైపోయింది, అదే ఆఖరి ఫైటని చెప్పేశాడు. చేతులు చూస్తే చెట్టు మొదళ్ళు. రెండో పక్క తీగ అని పిలిచే కుర్రాడు, పొడుగ్గా, ఊగుతూ, ఎవరో గాలిలో ఆరేసి మర్చిపోయినట్టు. మొదటి రౌండుకి బావ గంట కొట్టాడు, కొట్టి, సుత్తి పట్టుకునే, నెమ్మదిగా తలెత్తాడు. నాకు ఆ తల ఎత్తడం ఇప్పటికీ కనబడుతుంది. బావిలోంచి పైకి చూసినట్టు ఎత్తాడు. ఆ కళ్ళకి రింగు మొత్తం ఆనేది కాదుగా. తర్వాత చెప్పాడు, చుట్టూ పొగలా ఉందట, మధ్యలో గుండ్రంగా వెలుతురు, అందులోకి ఒక్కో మనిషి వచ్చి నిలబడి వెళ్ళిపోయేవాడట. ఓసారి కొలిమి భుజం. ఓసారి తీగ పాదాలు, తెల్లటి మేజోళ్ళు. ఇన్నాళ్ళూ విన్న చప్పుళ్ళన్నీ ఒక్కోటిగా వచ్చి తమ మొహాలు చూపించి పోతున్నట్టుందట. "ఓహో, ఇదా అది!" అని పైకే అంటున్నాడు. "ఇదా! ఇలా ఉంటుందా!" పక్కన అక్క వాచీ మీదే కళ్ళు పెట్టి "ఊఁ" అంటే టంగుమనిపించేవాడు. ఒక్క ఊపిరి తేడా లేదు. అన్ని రౌండ్లూ అలాగే సాగాయి. కొలిమి అలిసిపోయాడు. ఆఖరి రౌండుకి వచ్చేసరికి నిలబడితే చాలన్నట్టున్నాడు. తీగ కూడా ఒగర్చేస్తున్నాడు. హాలంతా మంచులో పెట్టినట్టు చల్లగా, వాళ్ళ ఒళ్ళలోంచి మాత్రం ఆవిరి లేస్తోంది. పై అద్దాల్లోంచి ఎండ వాలి ఆ ఆవిరిని పట్టుకుంది. నేను చూస్తున్నాను, చూస్తున్నాను... నాకు ఏదో తేడాగా అనిపించింది. ఇంత సేపా? అని.

చూద్దును కదా, మా అక్క తలెత్తేసింది. రింగు వైపు కాదు! ఫైటు దాని కంట్లో పడనేలేదు. బావ మొహం వైపు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లాడిలా "ఓహో" అంటున్న ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయింది. వాచీ ఒళ్ళో ఉంది. ముల్లు దాని దారిన అది పోతోంది. బాక్సింగంటే పడనివాళ్ళు తలెత్తరని లెక్కేసుకున్నాం గానీ, దీనికి ఇష్టమైనది బల్లకి ఇవతలే కూర్చుని ఉందని ముగ్గురిలో ఒక్కళ్ళకీ తోచలేదు. పెళ్ళయ్యాక ఆ మొహం అంతసేపు వాచీకి దూరంగా ఉండడం అదే మొదలు మరి. సరే, ఇది చూసింది, బాగానే ఉంది. బావకి తెలియదా? తెలుసే! అన్నేళ్ళు గంట కొట్టిన ఒళ్ళు, వాచీ లేకపోయినా దానికి తెలుసు. అయిపోయింది, "ఊఁ" రాలేదేంటి అని తిరిగి చూశాడు. చూస్తే, ఆ గుండ్రటి వెలుతురులోకి అక్క మొహం వచ్చి నిలబడింది. అంతే. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

మరి రింగులో వాళ్ళు? అదీ చెప్తాను. నేను పెట్టె మీంచి లేచి నిలబడ్డాను, ఆ ఊపిరిలో దెబ్బ పడితే బావదే కదా అని. తీగ చెయ్యి లేచింది కూడా. కానీ వాళ్ళ ఒళ్ళకీ తెలిసిపోయిందనుకుంటా, టైము అయిపోయిందని. ఆ చెయ్యి వచ్చి కొలిమి భుజం మీద ఆగింది. గంట మోగలేదు కాబట్టి వెళ్ళడానికి లేదు, కొట్టుకోవడానికి మనసు రావడం లేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తల ఆనించుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరిగారు. గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తాం వెళ్ళొస్తాం అంటూ కదలని చుట్టాల్లా. హాల్లో ఒక్కడు అరిస్తే ఒట్టు. అందరూ నిద్రలో నడుస్తున్నట్టు చూస్తున్నారు. రెఫరీ కూడా చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. ఎంతసేపో నన్నడక్కు, లాండ్రీ తాతనే అడుగు, మళ్ళీ ఇంకాస్త పెంచి చెప్తాడు. చివరికి వాడే అరిచాడు, "గంటకి నిద్రపట్టిందా ఏంట్రోయ్!" అని. నిద్ర గురించి వాడు మాట్లాడ్డం! హాలంతా గొల్లుమంది. బావ ఉలిక్కిపడి కొట్టాడు. కొట్టాడా, మెల్లగా తాకించాడంతే. ఎవరు గెలిచారంటావా? ఏమోనమ్మా. ఎవరిదో చెయ్యి ఎత్తారు.

మేనేజరు ఊరుకుంటాడా, "గడి... గడియారం అని నమ్మాను నిన్ను! గడియారం!" అంటూ వచ్చాడు. అక్క నోరు తెరవబోయింది, తప్పు నాదని చెప్పడానికి. బావ దాని చెయ్యి నొక్కి, లేచి, "ఆలస్యం నాదేనండీ" అని సుత్తి గంట పక్కన పెట్టేశాడు. తర్వాత కరెంటు గంట పెట్టారులే. మర్నాడు సాయంత్రం కొట్టు ముందు అందరూ చేరితే, బావ బయటికొచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు, నిలబడ్డాడు, కొత్తవాడిలా. "నేను చూసిన మొదటి ఫైటు చెప్తాను" అన్నాడు. ఏంటన్నా, ఇన్ని ఫైట్లకి గంట కొట్టి ఇప్పుడు మొదటిదేంటి అని నవ్వబోయారు. ఎవరూ నవ్వలేకపోయారు. ఆ భుజం, ఆ పాదాలు, ఆ ఆవిరి, అన్నీ చెప్పాడు. రొట్టెలాయన ముందే ఏడవడం మొదలెట్టాడు. ఎవరో అడిగారు, "మరి ఆఖర్న ఏమైంది?" బావ అన్నాడు, "ఆఖర్న నేను చూడలేదు." నేను గుమ్మంలోంచి ఉండబట్టలేక, "బావా, తీగ నిక్కరు ఏ రంగు?" అన్నాను. నా వైపు తిరిగి, అంతమందిలో, ఏమాత్రం సిగ్గు లేకుండా అన్నాడు, "అది తెలీదు మరదలా. మీ అక్క బుగ్గ మీద సుద్దగీత మాత్రం నీలం." బల్ల మీదున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు.

తర్వాత ఆ కిటికీ కూడా మూసుకుపోయింది. కొట్టు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. మిషను పక్కనే కూర్చుని బొత్తాలు ఏరిపెట్టేవాడు, వేళ్ళతో సైజులు చూసుకుంటూ. సాయంత్రం అక్క మిషను ఆపగానే వచ్చి ఆయన ముందు మొహం పెట్టేది. ఆయన బొటనవేలితో బుగ్గ తడిమి, గీత దొరికితే తుడిచి, "ఇవాళ ఏ రంగే?" అనేవాడు. ఇది చెప్పేది. అన్నాళ్ళూ, రోజూ. నేను చూసినవాటిలో... సరే. బావ పోయాక కొన్నాళ్ళకి వెళ్ళాను. అక్క మిషను మీంచి లేచి వచ్చింది, బుగ్గ మీద గులాబీ గీత. నేనేదో అలవాటుగా, "అక్కా, బుగ్గ" అని చెయ్యి చాపాను తుడుద్దామని. మొహం పక్కకి తిప్పుకుంది. "ఉండనీవే" అంది.

ఆ ఫోను ఇంకా తిరుగుతూనే ఉందా? ఆపు, ఆపు. లేచి ఆ కిటికీ రెక్క వెయ్యి, ఎండ మంచం మీదకి వచ్చేస్తోంది.